రౌటర్లో నేను పెట్టని రెండో అకౌంట్ ఎవరిది?

బెజవాడ బుల్లోడు:
మొన్న కరెంటు పోయి వచ్చాక వైఫై సెట్టింగులన్నీ ఎగిరిపోయాయి. మళ్లీ అంతా కొట్టుకున్నాక ఈసారి బ్యాకప్ ఫైల్ దించి, ఊరికే నోట్‌ప్యాడ్‌లో తెరిచాను. యూజర్లు ఇద్దరున్నారు! ఒకటి నా అడ్మిన్. రెండోది ఎప్పుడూ చూడని పేరు, లెవెల్ నాకంటే ఎక్కువ. సెట్టింగుల పేజీలో అది ఎక్కడా కనపడదు. కనెక్షన్ ఇచ్చినాళ్లకి ఫోన్ చేస్తే "అది మాదేనండీ, ముట్టుకోకండి" అని పెట్టేశారు. ఫ్యాక్టరీ రీసెట్ కొడితే పోతుందా?

వరంగల్ ఫైబర్:
పోదన్నా. నువ్వు మార్చిన పాస్‌వర్డే పోయి స్టిక్కర్ మీదిది వస్తది. రెండోది ఫర్మ్‌వేర్‌లనే, అంటే రౌటర్‌ల కంపెనీ ఎక్కించిన సాఫ్ట్‌వేర్‌లనే ఉంటది. నేను నాలుగేండ్లు ఇండ్లకు ఫైబర్ గుంజిన. నెట్ వస్తలేదని ఫోన్ చేస్తే ఆఫీసుల కూసోనే సరిచేసేతందుకు పెట్టిన అకౌంట్ అది. కానీ దాని పాస్‌వర్డ్ మాకు ఊరంతటికీ ఒక్కటే, అదీ వాట్సాప్ గ్రూపుల. కొత్త పోరగాడు పనిల చేరంగనే నిచ్చెన కంటే ముందు అది ఇచ్చేటోళ్లు. నేను పని మానేసి రెండేండ్లాయె, ఇంకా గ్రూపులనే ఉన్న.

పాత మోడెమ్:
మంచికే పెట్టినా తిప్పలే. 2020 చివర్లో జైజెల్ కంపెనీ ఫైర్‌వాల్‌లలో (నెట్‌వర్క్‌కి కాపలా ఉండే పెట్టెల్లో) ఇలాంటి దాపుడు అకౌంటే బయటపడింది. యాక్సెస్ పాయింట్లకు (వైఫై పంచే పెట్టెలకు) అప్‌డేట్లు పంపడానికి పెట్టారట. పాస్‌వర్డ్ ఫర్మ్‌వేర్‌లో మామూలు అక్షరాల్లోనే ఉంది, మార్చే వీలూ లేదు. కంపెనీ ప్యాచ్ (లోపం సరిచేసే అప్‌డేట్) ఇచ్చాకే పోయింది.
బుల్లోడు గారూ, రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ (ఇంటర్నెట్ వైపు మీ రౌటర్ నంబర్) చూసి, వైఫై ఆపి మొబైల్ డేటాతో ఆ నంబర్ బ్రౌజర్లో కొట్టండి. లాగిన్ పేజీ వస్తే రిమోట్ మేనేజ్‌మెంట్, అంటే బయటి నుంచి సెట్టింగులు మార్చే దారి, తెరిచి ఉన్నట్టే. ఐపీ 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే అది ఆపరేటర్ లోపలి నంబర్, ఈ పరీక్ష పనికిరాదు. బయటివాళ్లకి తెరుచుకోకపోయినా అదే ఆపరేటర్ కింద ఉన్న పక్కింటాయనకి తెరుచుకోవచ్చు.

బెజవాడ బుల్లోడు:
కొట్టాను. ఇంట్లో కనిపించే లాగిన్ పేజీయే, అచ్చు అలాగే వచ్చింది. రాత్రి సెట్టింగుల్లో రిమోట్ మేనేజ్‌మెంట్ టిక్ తీసేసి పడుకున్నా. పొద్దున చూస్తే టిక్ మళ్లీ ఉంది.

వరంగల్ ఫైబర్:
ఆఫీసు సర్వర్ మళ్లీ పెట్టి ఉంటది. నువ్వెన్నిసార్లు తీసినా అంతే. వాళ్ల బాక్సును బ్రిడ్జ్ మోడ్‌ల (రౌటర్ పని చేయకుండ నెట్‌ను ముందుకు పంపుడే) పెట్టియ్యమను, పీపీపీఓఈ (నెట్ కనెక్షన్ లాగిన్) యూజర్, పాస్‌వర్డ్ అడుగు. సొంత రౌటర్ కొని అందుల కొట్టుకో. ఫోన్లు, కెమెరా అన్నీ దాని ఎనకకే. బాక్సు వైఫై బందు పెట్టించుడు మర్చిపోకు.

బెజవాడ బుల్లోడు:
అడిగాను. సోమవారం అబ్బాయిని పంపిస్తారట. అన్నా, ఆ అబ్బాయి కూడా ఏదో ఒక గ్రూపులో ఉంటాడు కదా?