రెండు నల్లమద్ది చెట్లలో పేరు దేనికి పెట్టాలి? అసలు కొన దొరకడం లేదు

హైదరాబాద్ నుంచి వెళ్లి అమ్రాబాద్ అడవిలో కొలిచిన రెండు నల్లమద్దుల్లో పొడుగుదానికి మా జట్టు పెద్దాయన పేరు పెట్టాలి. పేరు ఒకసారి పెట్టాక మార్చడం ఆయనకు మర్యాద కాదు, అందుకే ఆగాం.

నేల చదునే. మొదటి చెట్టుకు 30 మీటర్ల దూరం, 50 డిగ్రీల కోణంతో టాన్ లెక్క (దూరాన్ని కోణం టాన్‌తో గుణించి, కంటి ఎత్తు 1.5 కలిపితే) 37 మీటర్లు దాటింది. అక్కడి నుంచే లేజర్ దూరమాపకంలో కొన దూరం 40 మీటర్లు. ఆ 40ని కోణం సైన్‌తో గుణించే సైన్ లెక్కకు అదే కంటి ఎత్తు కలిపితే 32.1 మాత్రమే. కొన మావైపు 4 మీటర్లకు పైగా వాలడంతో టాన్ తప్పుతోంది, వదిలేశాం. అవతలి నుంచి లేజర్ ముందు కొమ్మలకే తగిలి ఎత్తు 29, 31 చూపిస్తోంది. మార్చిలో ఆకు రాలాకా అంతే. రెండో చెట్టు 31.8. పులుల అభయారణ్యం, డ్రోన్ కుదరదు.

గొడుగులా విచ్చుకున్న ఇలాంటి తలలో అసలు కొనను నేల మీద నుంచే పట్టుకోవాలంటే ఎంత దూరంలో, ఎన్ని వైపుల నుంచి లేజర్ కొట్టాలి?