ఇవ్వజూపే రేటా, ఇవ్వచూపే రేటా?

పాతపేపర్లు: లైబర్ (లండన్ ఇంటర్‌బ్యాంక్ ఆఫర్డ్ రేట్) గొడవ రోజుల్లో, 2012 ప్రాంతంలో, ఏదో బిజినెస్ పేజీలో చదివిన వాక్యం వదలట్లేదు. "బ్యాంకులు ఒకదానికొకటి ఇవ్వజూపే రేటు..." తర్వాతి ముక్క రావట్లేదు. 'ఇవ్వచూపే' అని ఉందేమో కూడా. ఎవరికైనా తడుతోందా?

అరసున్న: 'చూపే' అయ్యే ప్రసక్తే లేదు. ఇవ్వన్ + చూపు, ద్రుతం (చివరి నకారం) మీద చకారం జకారం అవుతుంది. అసలు 'ఇవ్వఁజూపు' అని రాయాలి.

పేపర్‌బాయ్: "లంచం ఇవ్వచూపారు" అని రోజూ చదువుతున్నాం కదండీ!

పద్యాలపిచ్చి: "ద్విజుడున్ జొప్పడిన" అని సుమతీ శతకమే ఉందిగా. ఆ పద్యం మొదలే 'అప్పిచ్చువాడు'. అతికింది.

అరసున్న: అతికింది సరే, చివర 'యూరు జొరకుము' అంటారా, 'సొరకుము' అంటారా?

పద్యాలపిచ్చి: మా ఇంట్లో 'చొరకుము'.

ట్రెజరీ రిటైర్డ్: సంధి పక్కన పెట్టండి. లైబర్‌లో చూపడమే ఉండేది, ఇవ్వడం కాదు. లండన్‌లో పొద్దున 11కి ముందు "మీకు అప్పు ఎంతకు పుడుతుంది?" అని ప్యానెల్ బ్యాంకులను అడిగేవారు. 16 బ్యాంకులు చెబితే పైన 4, కింద 4 కొట్టేసి మిగిలిన 8కి సగటు. ఆ రేటుకు ఒక్క డాలరైనా చేతులు మారాలన్న నియమం ఉండేది కాదు. బార్‌క్లేస్ బ్యాంకు జరిమానా కట్టింది ఆ సందులో దూరి తప్పుడు రేట్లు చెప్పినందుకే.

అరసున్న: అంటే అడిగింది అప్పు తీసుకునేవాణ్ణి. ఇవ్వజూపడం ఇచ్చేవాడి పని. 'అప్పు పుట్టే రేటు' అనాలి.

ట్రెజరీ రిటైర్డ్: పేరులోనే 'ఆఫర్డ్' ఉందండీ. మన మైబర్‌లో (ముంబై బ్యాంకుల మధ్య అప్పు రేటు) మాత్రం ఆ 'ఓ' ఇప్పుడు 'అవుట్‌రైట్'. 2015లో బ్యాంకులను అడగడం మానేసి, బ్యాంకులు ఒకదానికొకటి అప్పులిచ్చుకునే ఎన్‌డీఎస్-కాల్ అనే ఎలక్ట్రానిక్ వేదికలో పొద్దున 9 నుంచి 10 దాకా నిజంగా జరిగిన ఓవర్‌నైట్ (ఒక్క రాత్రి అప్పు) లావాదేవీలు తీసుకున్నారు. మరీ ఎడంగా ఉన్నవి తీసేసి, మొత్తాన్నిబట్టి సగటు. 500 కోట్ల అప్పుకీ 5 కోట్ల అప్పుకీ ఒకే తూకం కాదు.

పేపర్‌బాయ్: లైబర్ బదులు వచ్చిన అమెరికా రేటు సోఫర్ సగటు కాదు, మధ్యగతం అంటారు?

ట్రెజరీ రిటైర్డ్: అవును. అప్పిచ్చిన డాలర్లన్నిటినీ రేటు వరసన పేరిస్తే సరిగ్గా సగం దగ్గర తగిలేది. అదీ ట్రెజరీ బాండ్లు తాకట్టు పెట్టి తెచ్చిన అప్పు, ఉత్తి నమ్మకం మీద కాదు.

అరసున్న: 'మధ్యగతం' ఎందుకు? 'నడిమి రేటు' చాలు.

పద్యాలపిచ్చి: 'నడిమి'నా, 'నడుమ'నా?