మేలుచేయుటయందు విసుకకనా, విసుగకనా?

చివరి బెంచీ
అందరికీ నమస్కారం. మా అయ్యగారు ప్రతి శనివారం రాత్రి సంఘం వాట్సాప్‌లో ఒక లెటర్ పెడతారు. ఎవరికి ఒంట్లో బాలేదు, ఎవరింట్లో కూడిక, బాప్తిస్మం క్లాసులకి ఎవరొస్తున్నారు, చివర్లో నాలుగు మాటలు వాక్యం. ఈ మధ్య మాలో మాకు కొంచెం చికాకులు, పొద్దుటి ఆరాధన వాళ్ళు కీర్తనల పుస్తకం వదలం అంటారు సాయంత్రం పిల్లలు డ్రమ్స్ లేకపోతే రాం అంటారు, రెండూ కలిపి ఒకే ఆరాధన చేద్దామని ఆయన మూడు నెలల్నుంచి తిప్పలు పడుతున్నారు, ఒక వారం వీళ్ళు అలుగుతారు ఒక వారం వాళ్ళు. అందుకని ఈసారి లెటరంతా ఐక్యత, ఓర్పు. ఆఖర్న "మనము మేలుచేయుటయందు విసుగక యుందము" అని పెట్టారు. చదవగానే ఎక్కడో రాయి తగిలినట్టయింది. మా నాయనమ్మ రోజూ చెప్పిన వచనం ఇది, ఆమె "విసుకక" అనేది, క మీద ఒత్తి మరీ. అదే గ్రూపులో అంటే ఒకావిడ "నాయనమ్మకి పళ్ళు లేవేమో" అని నవ్వే బొమ్మ పెట్టింది. ఏది కరెక్టు? తర్వాత ముక్క కూడా సగమే గుర్తుంది, "తగినకాలమందు పంట" కోయుదుమా, కోతుమా?

పాతకాగితం
గలతీ 6:9. బైబిలు పాత అనువాదంలో విసుకక. "మనము అలయక మేలు చేసితిమేని తగినకాలమందు పంట కోతుము." లూకా 18:1లోనూ అంతే, "విసుకక నిత్యము ప్రార్థన చేయుచుండవలెను" అన్న చోట. 2 థెస్స 3:13లో "విసుకవద్దు". మూడు చోట్లా కకారమే. నాయనమ్మగారి పళ్ళ జోలికి పోనక్కర్లేదు.

గసడదవ
పుస్తకంలో ఉన్నది సరే పాతకాగితంగారూ, ఉన్నంత మాత్రాన అదొక్కటే సాధువు అయిపోదుగా. విసుకు, విసుగు, విసువు మూడూ నిఘంటువులకెక్కినవే. ముసుకు, ముసుగు లేవూ? ఈ రోజు ముసుకు అని ఎవరంటున్నారు. అలాగే విసుగు నిలిచింది, విసుకు పోయింది. అయ్యగారు రాసింది తప్పు కాదు.

పాతకాగితం
మీ పేరు చూస్తేనే మీరు గకారం పక్షమని తెలుస్తోంది.

గసడదవ
😀 పుట్టుక దోషం.

నీలిసిరా
ఒక్క నిమిషం, విసుకు ఎక్కడ పోయిందండీ? "ఊరికే అలా విసుక్కుంటావేంటి" అని పొద్దున్నుంచీ మా ఇంట్లో నాలుగుసార్లు వినపడింది. విసుకు + కొను = విసుక్కొను. విసుగైతే విసుగ్గొను అవ్వాలి కదా. అంటే క్రియ కకారంతో, నామం గకారంతో. విసుకు క్రియ, విసుగు నామం. వచనంలో ఉన్నది క్రియ, కాబట్టి విసుకక. అయిపోయింది.

గసడదవ
అవ్వలేదు. అడుగు + కొను ఏమయింది? అడుక్కొను. కడుగు, కడుక్కొను. తొడుగు, తొడుక్కొను. అడుకు అనే ధాతువు ఉందా ఇప్పుడు? కొను ముందు గు ఎప్పుడూ అలా క్కు అవుతుంది. మీ విసుక్కోవడం ఏ పక్షానికీ సాక్షి కాదు. పైగా విసిగిపోయాను, విసిగించకు, ఇవి క్రియలే, గకారంతోనే ఉన్నాయి. విసికిపోయాను అంటారా మీ ఇంట్లో?

నీలిసిరా
అడుక్కొను దెబ్బ బాగా తగిలింది, ఒప్పుకున్నా. కానీ క్రియ-నామం సిద్ధాంతం ఇంకా చావలేదు, వేరే దారిన వస్తా.

కోతలరాయుడు
చిన్నప్పుడు సండే స్కూల్లో కంఠత పోటీకి ఇదే వచనం ఇచ్చారు నాకు. "పంట కోతుము" దగ్గరికొచ్చేసరికి పంట కోతులము అనుకుని అలాగే చెప్పా, హాలంతా నవ్వారు, నాకు బహుమతి రాలేదు గానీ ఆ పేరు స్థిరపడింది. కోతుము అంటే కోయుదుము అని పదో తరగతిలో గానీ వెలగలేదు. చేయుదుము చేతుము, వేయుదుము వేతుము, కోయుదుము కోతుము. చివరి బెంచీగారి రెండో ప్రశ్నకి ఇదే జవాబు, రెండూ ఒకటే.

ఓపికస్తురాలు
మీరంతా క, గ అని కొట్టుకుంటున్నారు గానీ ఆ లెటర్లో అసలు ఇబ్బంది "ఓర్పు" దగ్గర అనిపిస్తోంది నాకు. రోమా 5లో "శ్రమ ఓర్పును, ఓర్పు పరీక్షను, పరీక్ష నిరీక్షణను" అని ఉంది. హెబ్రీ 12:1లో "పందెములో ఓపికతో పరుగెత్తుదము". గ్రీకులో రెండుచోట్లా ఒకటే మాట, హుపొమొనే. కింద నిలిచి ఉండడం, అంటే బరువు కిందనుంచి తప్పుకోకుండా ఉండడం. తెలుగులో ఒకచోట ఓర్పు, ఒకచోట ఓపిక. ఎందుకు మార్చారు?

నాకు తోచింది చెప్తా. ఓర్చు అంటే భరించు. ఓపు అంటే చేయగలుగు, శక్తి కలిగి ఉండు. ఈ రోజుకీ "నాకు ఓపిక లేదమ్మా" అంటే సహనం లేదని కాదు, ఒంట్లో శక్తి లేదని. పరుగెత్తేవాడికి కావలసింది అదే. ఓర్పుతో పరుగెత్తు అంటే ఏదోలా ఉంటుంది, ఓర్పుతో కూర్చుంటారు. మార్చినాయన ఎవరో గానీ ఆ మాట నోట్లో వేసుకుని రుచి చూసే మార్చాడు.

పాతకాగితం
బాగా చెప్పారు అమ్మా. మనుషుల విషయంలో ఓర్పుకి వేరే మాట ఉంది చూడండి, దీర్ఘశాంతము. గలతీ 5:22 పట్టికలో. హుపొమొనే కష్టాల మీద, దీర్ఘశాంతం మనుషుల మీద. చివరి బెంచీగారి సంఘానికి కావలసింది రెండోదని నా అనుమానం. డ్రమ్స్ విషయంలో.

చివరి బెంచీ
😀 డ్రమ్స్ కష్టమా మనిషా అన్నది మా పెద్దలు ఇంకా తేల్చలేదు.

నీలిసిరా
వేరే దారి దొరికింది. అర్థం చూడండి. విసుక్కోవడం ఎప్పుడూ ఇంకొకరి మీద, "పిల్లల మీద విసుక్కుంది" అంటాం. విసిగిపోవడం తనలో తనకి, ఎవరూ ఎదురుగా లేకపోయినా విసిగిపోవచ్చు. కకారం బయటికి, గకారం లోపలికి. మీ అయ్యగారి లెటర్ ఐక్యత గురించి కూడా అన్నారుగా. విసుకక అంటే ఒకళ్ళనొకళ్ళు కసురుకోకుండా, విసుగక అంటే నీరసపడి మానెయ్యకుండా. ఒకే లెటర్లో రెండూ కావాలి ఆయనకి. ఒక్క అక్షరంలో రెండూ పట్టవు, అందుకే ఆయన చెయ్యి తడబడింది.

గసడదవ
చాలా అందంగా ఉంది, కానీ కల్పన. లూకా 18 ఉపమానంలో న్యాయం కోసం పదేపదే వచ్చి అడిగిన విధవరాలు ఎవరిమీదా విసుక్కోలేదు. విసిగింది న్యాయాధిపతి. అక్కడ విసుకక అంటే ప్రార్థన మానకుండా అనే. మీ కకారం అక్కడ లోపలికే ఉంది. తేడా తెచ్చింది పక్కన చేరిన కొను, పోవు. క, గ కాదు.

నీలిసిరా
మీరు మనిషిని విసికిస్తారండీ.

గసడదవ
విసిగిస్తారు.

ఎర్రంచు
గ్రీకు ఎత్తారు కాబట్టి ఒకటి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. గలతీ 6:9లో ఆ క్రియకి ప్రతుల్లో రెండు పాఠాలున్నాయి. ఒకదాంట్లో ఎంకకోమెన్, ఇంకోదాంట్లో ఎక్కకోమెన్. మొదటిదాంట్లో గామా అక్షరం, రెండోదాంట్లో కప్పా. అక్కడ కూడా క, గ తగాదానే! ఇప్పటి పరిష్కర్తలు గామా ఉన్నదాన్ని తీసుకుంటారు, పాతకాలంలో అందరి చేతుల్లో ఉన్న అచ్చు ప్రతుల్లో కప్పా. అర్థం దాదాపు ఒకటే, ధైర్యం వదిలెయ్యడం, చేతులెత్తెయ్యడం.

కోతలరాయుడు
అయితే మన అనువాదకుడు కప్పా ప్రతి చూసి కకారం వేశాడన్నమాట. విసు-కక, ఎక్-కకో. కక కక. కేసు కొట్టేశారు.

ఎర్రంచు
దయచేసి దీన్ని ఎవరూ స్క్రీన్‌షాట్ తీసి పంపకండి, రేపు పొద్దున్నకి "గ్రీకులోంచి పుట్టిన తెలుగు" అని తిరుగుతుంది. పైగా అక్కడ గామా రాసినా కకారం ముందు పలికేది ఙ, గ కాదు.

సీసమాలిక
పద్యంలో దొరికితే ఒక్క దెబ్బకి తేలుతుందిగా. జాషువా వాడి ఉంటే చాలు నాకు. క్రీస్తు చరిత్ర మళ్ళీ తిరగెయ్యాలి ఈ వంకన. 1964లో అకాడమీ బహుమతి దానికే వచ్చింది కానీ మనవాళ్ళు గబ్బిలం దగ్గరే ఆగిపోతారు, నేనూ అంతే అనుకోండి. చెళ్లపిళ్ల వారు గండపెండేరం తొడిగిన కవి. వాక్యం ఆయన చేతిలో పడితే పద్యమైపోతుంది, ఎక్కడా బలవంతంగా ఇరికించిన సంస్కృతం కనపడదు. విసుకక అని ఉందో లేదో గానీ, ఉంటే అదే ప్రమాణం.

పాతకాగితం
ఉన్నా తేలదు స్వామీ. విసుకక నాలుగు లఘువులు, విసుగక నాలుగు లఘువులు, గణం చెడదు. యతికి చూద్దామా, క ఖ గ ఘ లకి మైత్రి ఉండనే ఉంది. ప్రాస అయితే హల్లు మారకూడదు నిజమే కానీ ప్రాస రెండో అక్షరం, అక్కడున్నది సు. మన అక్షరం మూడోది. ఏ తాళానికీ సరిపడని తాళంచెవి. అచ్చువేసినాయన ఏది వేస్తే అదే నిలుస్తుంది.

సీసమాలిక
పాదం విరుపు మర్చిపోయారు. వృత్తంలో మాట పాదం చివర విరిగి కింది పాదంలోకి పోవచ్చుగా. "వి" పైన ఉండిపోయి కింది పాదం "సుకక" అని మొదలైతే రెండో అక్షరం క. మిగతా మూడు పాదాల ప్రాస చూసుకుంటే చాలు. అలాంటి పద్యం ఒక్కటి కావాలి.

పాతకాగితం
ఓడాను. 🙏 వెతకండి. ఓపికతో.

సీసమాలిక
ఓర్పుతో కాదా?

ఓపికస్తురాలు
పరుగెత్తి వెతికితే ఓపిక. దొరక్కపోతే ఓర్పు.

కీర్తనపల్లవి
నేను ఆలస్యంగా వచ్చా. జాషువా సరే, మన క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి పేరు ఒక్కరూ ఎత్తలేదేంటి? ఈ సంఘం మాటలన్నీ జనం నాలికల మీదికి ఎక్కింది అనువాదం చదివి కాదు, పాడి. చదువురాని నాయనమ్మలకి పుస్తకం ఎక్కడిది, చెవే పుస్తకం. మా అమ్మమ్మ నిరీక్షణ అంటే ఆశ అనే అర్థంలోనే వాడేది, బస్సు కోసం నిరీక్షణ అని పేపర్లో చదివి నవ్వింది. సమాధానం కూడా అంతే, శాంతి అనే అర్థంలో "ఇంట్లో సమాధానం లేదు" అంటే పక్కింటివాళ్ళు ఏ ప్రశ్నకి అని అడిగేవారు. కాబట్టి చివరి బెంచీగారి నాయనమ్మ క ఒత్తి పలికిందంటే ఆమెకి చెప్పినవాళ్ళూ అలాగే పలికారు. అదొక సాక్ష్యం కాదా?

గసడదవ
సాక్ష్యమే. ఆమె పలికిందనడానికి.

చివరి బెంచీ
గసడదవగారూ మీతో వాదించడం కన్నా మా పెద్దల కమిటీ నయం.

ఇంకోటి అడగాలని మర్చిపోయా, లెటర్లో ఆయన "ఐఖ్యత" అని ఖ ఒత్తు పెట్టి రాశారు, మూడుచోట్ల. అది కూడా ఉందా ఎక్కడైనా?

పాతకాగితం
లేదు, అది మాత్రం తప్పు. ఏక నుంచి ఐక్యం, ఖకి చోటు లేదు. సఖ్యత పక్కన కూర్చోబెట్టి కూర్చోబెట్టి దాని ఒత్తు దీనికి అంటుకుంది. సఖ నుంచి సఖ్యం, దానికి ఖ హక్కు. అసలు ఐక్యంలోనే భావార్థం ఉంది, మళ్ళీ త తగిలించనక్కర్లేదు, కానీ కీర్తన 133లో "సహోదరులు ఐక్యత కలిగి నివసించుట ఎంత మేలు" అని కుదిరిపోయింది, ఇప్పుడు దాన్ని ఎవరూ కదపలేరు, కదపకూడదు కూడా.

నీలిసిరా
ఐఖ్యతలో సఖ్యత కూడా కలిసిందని మీ అయ్యగారిని సమర్థించవచ్చు. ఒకటిగా ఉండడం, స్నేహంగా ఉండడం, రెండూ.

గసడదవ
మళ్ళీ మొదలుపెట్టారు.

చివరి బెంచీ
అందరికీ థాంక్స్. ఈ వారం లెటర్ ఇప్పుడే వచ్చింది. కలిపి చేసిన ఆరాధనకి పోయినవారం కన్నా ఎక్కువమంది వచ్చారట, డ్రమ్స్ వాయించే కుర్రాడే కీర్తనల పుస్తకం పట్టుకుని ముసలాళ్ళకి పేజీ తీసి ఇచ్చాడట. వచనం మాత్రం లేదు. మా గ్రూపులో గొడవ చూసి భయపడ్డట్టున్నారు. చివర్లో "పట్టు విడవకండి" అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టారు.

గసడదవ
విడువకండి కదా? విడుచులో ఉన్న డు అలాగే ఉండాలి.

పాతకాగితం
వాడుకలో విడవక ఎప్పట్నుంచో ఉంది.

గసడదవ
ఉన్నంత మాత్రాన