సంఘం ఉత్సవం: రాయి మీద 1903, పెద్దల మాట 1876, రిజిస్టరులో 1889. ఏది పట్టుకోవాలి?

పల్నాటి_సెక్రటరీ:
అందరికీ వందనాలండి. మాది పల్నాడులో ఏఈఎల్‌సీ (ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ చర్చి) సంఘం. గుడి శిలాఫలకం మీద 1903 అని ఉంది. పెద్దలేమో ధాత కరువు నాడే, అంటే 1876లోనే, మొదటి బాప్తిస్మాలు జరిగాయంటారు. ఆ లెక్కన 2026లోనే 150 ఏళ్లు. రాయిని నమ్మితే 2028లో 125. మా దగ్గరున్న బాప్తిస్మపు రిజిస్టరు చూస్తే 1889తో మొదలవుతోంది. కమిటీ రెండుగా చీలింది. సావనీరులో ఏం వేయాలి, దేన్ని రుజువుగా పెట్టుకోవాలి?

పాత_రిజిస్టర్లు:
వందనాలండి. మూడూ నిజమే అయ్యుండొచ్చు. రాయి చెప్పేది గుడి సంగతి, పెద్దలు చెప్పేది మనుషుల సంగతి, రిజిస్టరు చెప్పేది ఆ పుస్తకం ఎప్పుడు తెరిచారన్నది మాత్రమే.

ముందు రిజిస్టరు మొదటి పేజీ చూడండి. వరుస సంఖ్య 1తో మొదలైందా, లేక మధ్యలో ఏదో అంకెతోనా? మధ్యలోంచి మొదలైతే దానికి ముందు ఇంకో పుస్తకం ఉన్నట్టే. తర్వాత వయసుల గడి చూడండి. ఒకే తేదీన పెద్దవాళ్లు, ఇంటిల్లిపాదీ కలిసి ఉంటే అది సంఘం పుట్టిన కాలం కావచ్చు. అలా కాక అన్నీ పసిపిల్లల పేర్లై, తల్లిదండ్రులు అప్పటికే యోహాను, మరియమ్మ అయి ఉంటే, వాళ్ల బాప్తిస్మాలు ఇంకోచోట రాసి ఉన్నాయన్నమాట.

ఆ ఇంకోచోటు చాలాసార్లు తల్లి స్టేషనే, అంటే మిషనరీ మకాం ఉన్న ఊరే. అమెరికా లూథరన్ మిషనరీ హయ్యర్ దొర 1842 జూలై 31న గుంటూరు చేరి, 1849లో గురజాలలో మకాం పెట్టారు. పల్లెల్లో ఇచ్చిన బాప్తిస్మాలు స్టేషను పుస్తకంలోకి ఎక్కేవి. పారిష్‌లు విడిపోయినప్పుడు పాత పుస్తకం పాత చోటే ఉండిపోయింది. మీ పారిష్ ఎందులోంచి విడిందో కనుక్కుని అక్కడి బీరువా తీయించండి. బాప్తిస్మపు పుస్తకం దొరక్కపోతే పెళ్లి రిజిస్టరు అడగండి. 1872 క్రైస్తవ వివాహ చట్టం కింద అది తప్పనిసరి కాబట్టి దాన్ని కొంచెం జాగ్రత్తగానే కాపాడారు.

పెద్దల 1876 గురించి ఒక మాట. వాళ్లకు గుర్తున్నది కరువు, ఇంగ్లీషు సంవత్సరం కాదు. ధాత నామ సంవత్సరం 1876 ఉగాదికి మొదలైనా కరువు 1878 దాకా సాగింది. కాబట్టి దాన్ని ‘1876–78 ప్రాంతం’ అని రాయాలి, ఒక తేదీకి మేకు కొట్టకూడదు. నన్నడిగితే 2028లో ఆలయానికి 125 ఏళ్లు అని జరుపుకుని, కరువు నాటి మాటను పెద్దల మాటగానే అచ్చు వేయండి. కాగితం దొరక్కుండా 150 అని ఫ్లెక్సీ కట్టవద్దు.

గోదావరి_గట్టు:
పై మాటకు కొంత కలుపుతాను. మిషన్ వార్షిక నివేదికలు వెతికేటప్పుడు ‘గుంటూరు జిల్లా’ అని వెతికితే 1859–1904 మధ్యవి దొరకవు. పాత గుంటూరు జిల్లాను 1859లో ఎత్తేశారు, మళ్లీ ఏర్పడింది 1904లోనే. ఆ మధ్యకాలంలో మీ పల్నాడు ఉన్నది కృష్ణా జిల్లాలో, ఇంగ్లీషులో ‘కిస్ట్నా’. ఊళ్ల పేర్ల స్పెల్లింగు మరీ అన్యాయం, ఒక్కో దొర ఒక్కోలా రాశాడు. పక్కన ఉన్న పెద్ద ఊరి పేరుతో వెతికి, అక్కణ్ణించి మీ ఊరికి రండి.

నివేదిక మీద ఉన్న ఏడాది అచ్చయిన ఏడాదా, లోపలి లెక్కల ఏడాదా అన్నది చూసుకోండి. చాలాచోట్ల ఒక సంవత్సరం తేడా ఇక్కడే వస్తుంది. సభ్యుల సంఖ్యలోనూ అంతే: బాప్తిస్మం పొందినవారు వేరు, బల్లలో (ప్రభురాత్రి భోజనంలో) పాలుపొందేవారు వేరు. రెండో లెక్కలో పిల్లలు రారు. రెంటినీ ఒకే వరుసలో వేస్తే ఒక ఏడాది సంఘం సగమైపోయినట్టు కనిపిస్తుంది.

గోదావరి వైపు సంఘాలవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే: మీ కాగితాలు ఇంకో దారిలో ఉంటాయి. రాజమండ్రి మిషన్‌ను 1845లో మొదలుపెట్టింది ఉత్తర జర్మనీ సొసైటీ, తర్వాతే అమెరికన్ల చేతికి వచ్చింది. 1869 నుంచి అది అమెరికా లూథరన్లలో జనరల్ కౌన్సిల్ అనే శాఖ కింద, గుంటూరు జనరల్ సినడ్ అనే ఇంకో శాఖ కింద నడిచాయి. ఆ రెండు శాఖలూ అమెరికాలో కలిసింది 1918లో, ఇక్కడ ఏఈఎల్‌సీ ఏర్పడింది 1927లో. అందుకే సావనీరులో ‘1903లో ఏఈఎల్‌సీ వారు కట్టించిన’ అని మాత్రం రాయకండి. ఇక్కడ వెతకాలంటే బెంగళూరు యునైటెడ్ థియలాజికల్ కాలేజీ ఆర్కైవ్స్ ఉంది.

ఇంకొకటి. పాస్టర్ల ఫొటోలు వరసగా వేస్తారు, బాగానే ఉంటుంది. ఉపదేశులు, బడి పంతుళ్లు, బైబిలు స్త్రీల పేర్లు మాత్రం ఎక్కడా ఉండవు. పల్లెలో ఏడాది పొడుగునా ఉన్నది వాళ్లే.

తెనాలి_డీటీపీ:
అచ్చు సంగతి చెబుతాను. రిజిస్టరును జిరాక్స్ అద్దం మీద బోర్లించి నొక్కొద్దు, కుట్టు తెగుతుంది. సెల్లోటేపు, లామినేషన్ వద్దే వద్దు. కిటికీ పక్కన పగటి వెలుగులో, ఫ్లాష్ లేకుండా, ఫోను పైనుంచి సమంగా పట్టుకుని పేజీకొక ఫొటో తీయండి. వాటిని వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే అక్షరాలు అలుక్కుపోతాయి. డాక్యుమెంటుగా పంపండి.

వ్యాసాలు ఫోనులో యూనికోడ్‌లో టైపు చేసి ఇస్తారు, మేం ‘అను’ ఫాంట్లలోకి (అచ్చుపనికి వాడే, యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లు) మారుస్తాం. ఆ మార్పులో ఒత్తులు, అరసున్నలు, అంకెలు అటూ ఇటూ అవుతాయి. ప్రూఫు మార్చాక చూడాలి, ముందు కాదు. పేర్ల జాబితాను ఇద్దరు కూర్చుని, ఒకరు రిజిస్టరు చదువుతుంటే ఒకరు ప్రూఫు చూడాలి. పేజీలు 16 గుణిజాల్లో వచ్చేలా సర్దుకుంటే కాగితం వృథా కాదు.

పల్నాటి_సెక్రటరీ:
చాలా థ్యాంక్సండి. రిజిస్టరు మొదటి సంఖ్య 1 కాదు, 118! గురజాల వైపు అడుగుతాం. ఇంకో చిక్కు: రాయి మీద ఏళ్ల తరబడి సున్నం కొట్టారు. చివరి అంకె 3నా 8నా అని ఇప్పుడు అనుమానం వచ్చింది. యాసిడ్ పోసి కడిగిద్దామంటున్నారు.

పాత_రిజిస్టర్లు:
యాసిడ్ ముట్టించకండి. మీ పల్నాటి నాపరాయి సున్నపురాయే. సున్నంతో పాటు అక్షరాలూ కరిగిపోతాయి. ఉలి, ఇనుప బ్రష్షు కూడా వద్దు. నీళ్లతో బాగా నానబెట్టి, వెదురు పుల్లతో పొరలు లేపి, మెత్తటి బ్రష్షుతో తుడవండి. ఆరాక రాత్రిపూట టార్చిని రాయికి ఆనించినట్టు పక్కనుంచి వేయండి. చెక్కిన గాడిలో నీడ పడి అంకె తెలుస్తుంది. ఎదురుగా వేస్తే ఏమీ కనబడదు. ఎడమనుంచి ఒకటి, కుడినుంచి ఒకటి, పైనుంచి ఒకటి ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. 3 అయితే ఎడమవైపు గాడి ఉండదు, రాయి నునుపుగానే ఉంటుంది. 8 అని తేలితే మీ 125 ఏళ్లు 2033లో గాని రావు. కాబట్టి ఫ్లెక్సీకి అడ్వాన్సు ఇవ్వకముందే ఈ పని చూడండి.