అప్‌డేట్: పెరట్లో గుండు మీద నుంచి నీళ్లు పారుతున్నాయి

హైదరాబాద్ శివార్లలో మా ఇంటి వెనక ఆరడుగుల గ్రానైట్ గుండు ఉంది, పగలగొట్టకుండా దాని మీద జలపాతం కట్టొచ్చా అని అడిగాను కదా. కట్టేశాం, సలహాలిచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్.

రాయికి డ్రిల్ పెట్టలేదు. పైపు వెనక నుంచి ఎక్కించి, పైన సహజంగా ఉన్న గుంటలో వదిలాం. పంపు కొనేటప్పుడు డబ్బా మీద పెద్దగా రాసిన లీటర్లు చూడకండి, అది సున్నా ఎత్తుకు లెక్క, ఆరడుగులు ఎక్కేసరికి బాగా పడిపోతుంది. నీళ్లు తెరలా పడాలంటే అంచు వెడల్పులో ఒక్కో అంగుళానికి గంటకు సుమారు 380 లీటర్లు కావాలి. మాది 10 అంగుళాలు, అంటే ఆ ఎత్తులో 3,800 ఇచ్చేది.

అసలు తిప్పలు అంచు దగ్గరే. గుండు ఒంపుగా ఉంటుంది కాబట్టి నీళ్లు దూకకుండా రాయిని అంటుకునే జారిపోతాయి. అందుకే కడప బండ ముక్కను రెండంగుళాలు బయటికి వచ్చేలా పెట్టి, అడుగున కట్టర్‌తో సన్నటి గాడి తీయించాం, ఇప్పుడు ధార అక్కడే తెగి నేరుగా పడుతోంది, చూస్తుంటే ఎంత బాగుందో!

కింద గుంతకు సిమెంట్ కాకుండా లైనర్ (నీళ్లు ఇంకకుండా పరిచే షీట్) వేశాం, కొత్త సిమెంట్ నుంచి సున్నం దిగితే చేపలు బతకవు. దోమ పిల్లల్ని తినేసే గప్పీలు అనే చిన్న చేపల్ని వదిలాం. బోరు నీళ్లకు రాయి మీద తెల్ల పొర కడుతోంది, ఈసారి వాన నీళ్లు పట్టి నింపుతాను.

పంపు లైన్‌కి ఎర్తింగ్, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంట్ లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్) లేకుండా మాత్రం ఎవరూ స్విచ్ వేయొద్దు, పిల్లలు ఆ నీళ్లలో చేతులు పెడతారు.