అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో వెయ్యడానికి ఈ మధ్య వచ్చిన కామెడీల్లో ఏది చివరిదాకా నిలబడుతుంది?

వైట్‌ఫీల్డ్ వాసు

మా అపార్ట్‌మెంట్ తెలుగు గ్రూపు తరఫున ఒక శనివారం సాయంత్రం క్లబ్‌హౌస్‌లో కామెడీ సినిమా వెయ్యాలనుకుంటున్నాం. నూటయాభై మంది దాకా రావొచ్చు. ఆరేళ్ల పిల్లల నుంచి డెబ్బై దాటిన పెద్దవాళ్ల వరకూ అందరూ ఉంటారు. మూడో వంతు కన్నడ, తమిళ, మలయాళీ ఇళ్లవాళ్లు, వాళ్లకి సబ్‌టైటిల్సే దిక్కు. బెంగళూరులోనే పెరిగిన మన పిల్లలకి ఇంట్లో మాట్లాడే తెలుగు వస్తుంది గానీ యాస కాస్త ముదిరితే మొహాలు చూసుకుంటారు.

ప్రస్తుతం అనుకుంటున్నవి: జాతిరత్నాలు, ఎఫ్3, సామజవరగమన, మ్యాడ్ స్క్వేర్, మత్తు వదలరా 2, సంక్రాంతికి వస్తున్నాం, లిటిల్ హార్ట్స్. రాత్రి పదికల్లా సౌండ్ ఆపెయ్యాలి. బావుంది, బాలేదు అని కాకుండా ఏది ఎక్కడ పట్టిస్తుంది, ఎక్కడ జారుతుంది, ఎందుకు జారుతుంది అన్నది చెప్పగలరా?

సెకండాఫ్ శాస్త్రి

వాసు గారూ, ఏ సినిమాకీ ఫస్టాఫ్ చూసి ఓటెయ్యకండి. మన కామెడీలకి ఫస్టాఫ్ ఎప్పుడూ సమస్య కాదు. ఇంటర్వెల్ తర్వాత పావుగంట వదిలేసి, అక్కణ్ణుంచి ఇరవై నిమిషాలు చూడండి. ఆ ఇరవై నిమిషాల్లో నవ్వు కథలోంచి వస్తోందా, పక్కనున్న ఫ్రెండు పాత్ర నోట్లోంచి వస్తోందా గమనిస్తే చాలు, సినిమా సంగతి తేలిపోతుంది.

ఫస్టాఫ్‌లో మనుషుల పరిచయమే నవ్విస్తుంది. వీడు కోతలరాయుడు, వాడు పిరికివాడు, ఆ ముసలాయన పిసినారి. గంటసేపట్లో ఆ అలవాట్లన్నీ మనకి తెలిసిపోతాయి. ఆ తర్వాత కావాల్సింది ఇరకాటం. ఎవరు ఎవరి దగ్గర ఏం దాస్తున్నారు, బయటపడితే ఎవరికి ఏం పోతుంది? ఈ రెండూ ముందే నాటుకోకపోతే రైటర్ చేతిలో మిగిలేది కిడ్నాప్, డబ్బు సంచి, గన్నులు పట్టుకున్న గ్యాంగు. ఆ గన్ను పేలదని హాల్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. భయం లేని చోట తప్పించుకోవడంలో మజా ఉండదు, కాబట్టి నవ్వూ రాదు.

దీనికి మ్యాడ్ స్క్వేర్ (2025) మంచి ఉదాహరణ. లడ్డూ అనే కుర్రాడి పెళ్లి ఉన్నంతసేపూ బ్రహ్మాండంగా నడుస్తుంది. పెళ్లిల్లు దానంతటదే ఒక ఇరకాటం. ముహూర్తం ముంచుకొస్తుంటుంది, ఆడపెళ్లివాళ్లు చూస్తుంటారు, మురళీధర్ గౌడ్ లాంటి తండ్రి పరువు కోసం పళ్లు బిగబట్టి తిరుగుతుంటాడు. కథ గోవా చేరాక అవే పాత్రలు, అదే టైమింగ్, కానీ నవ్వు సగానికి పడిపోతుంది. కుర్రాళ్లు చేసేది ఎవరైనా చూస్తారేమోనన్న బెదురు ఉండాలి కదా, గోవాలో ఆ చూసేవాళ్లే లేరు.

మీ లిస్టులో అల్లిక గట్టిగా ఉన్నది సామజవరగమన (2023). తండ్రి డిగ్రీ పాసైతేనే ఆస్తి చేతికొస్తుంది, ఆయన పాసవ్వడు. కొడుకేమో ప్రేమిస్తున్నానన్న ప్రతి అమ్మాయితోనూ రాఖీ కట్టించుకునే రకం. మొదట్లో ఈ రెండూ ఉత్త జోకుల్లా కనిపిస్తాయి. తర్వాత పెళ్లి వరసల చిక్కు వచ్చినప్పుడు ఆ రాఖీ వ్యవహారమే హీరో మెడకి చుట్టుకుంటుంది. మొదట నాటింది చివర్లో కోసుకున్నారు. పైగా నరేష్ పాత్ర హీరోకి తండ్రే అయినా పరీక్షల దగ్గర మాత్రం కొడుకులా తిట్లు తింటుంది. ఆ తలకిందులు చూడటానికి ఏ భాషవాడికైనా సబ్‌టైటిల్ అక్కర్లేదు. లోపం లేదని కాదు. హీరో శ్రీవిష్ణు గడగడా వదిలే పంచ్‌లు మొదటిసారి సగం చెవినే పడవు. పాటలు కథని ఆపేస్తాయి.

జాతిరత్నాలు (2021) సంగతి వేరు. కథ పలచన. జోగిపేట కుర్రాళ్లు ముగ్గురు హైదరాబాద్ వచ్చి ఎమ్మెల్యే మీద హత్యాయత్నం కేసులో ఇరుక్కుంటారు, అంతే. నవీన్ పొలిశెట్టి, ప్రియదర్శి, రాహుల్ రామకృష్ణ ఒకరి మాట మీద ఒకరు పడుతూ మోస్తారు. మధ్యలో ఒక అరగంట బరువు తెలుస్తుంది. మళ్లీ లేచేది కోర్టు సీన్లో. అక్కడ గంభీరంగా ఉండాలన్న నియమం ఉంది, బోనులో ఉన్నవాడికి ఆ స్పృహ లేదు, జడ్జి కుర్చీలో బ్రహ్మానందం ఉన్నాడు. చోటు సరిగ్గా ఎంచుకుంటే పలచని కథ కూడా గట్టెక్కుతుందనడానికి ఆ సీను చాలు.

హిందూపురం హాస్యప్రియుడు

శాస్త్రి గారు చెప్పిన దానికి యాస గొడవ కూడా కలపాలి. గత ఐదారేళ్లలో మన కామెడీకి వచ్చిన పెద్ద బలం యాసే. టిల్లు సినిమాలైనా జాతిరత్నాలైనా పాత్ర మాట్లాడే తీరే సగం నవ్వు. పుస్తకం తెలుగులో అదే డైలాగ్ చెప్పించి చూడండి, చప్పగా ఉంటుంది. ఆ బలమే మీ క్లబ్‌హౌస్‌లో బలహీనత అవుతుంది. టిల్లు మాటల్ని ఇంగ్లీషులో కింద రాస్తే మిగిలేది ఒక అబద్ధాలకోరు కథ మాత్రమే.

మత్తు వదలరా 2 (2024) అంతకంటే కష్టం. అందులో యాసకి బదులు పాత తెలుగు సినిమాల జ్ఞాపకం మీద ఆడతారు. చిరంజీవి పాట ఎందుకు వచ్చిందో, ఆ షాట్ దేనికి పేరడీనో తెలిసినవాడు పడిపడి నవ్వుతాడు, తెలియనివాడికి ఏదో హడావుడి జరుగుతున్నట్టుంటుంది. కమెడియన్ సత్య మాత్రం మినహాయింపు. ఆయన కామెడీ ఒంట్లో ఉంది. నడక, ఉలికిపాటు, చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక తికమకపడటం. అందుకే ఆయనున్న సీన్లలో పిల్లలూ నవ్వుతారు, మలయాళీలూ నవ్వుతారు. కానీ ఒక్క సత్య కోసం సినిమా మొత్తం వెయ్యలేరు.

ఇంకో మాట. బెంగళూరు తెలుగువాళ్లలో హిందూపురం, మదనపల్లె, కుప్పం వైపు వాళ్లం ఎంతమందిమో లెక్కేసుకోండి. మన మాట కామెడీలో ఎక్కడుంది? తెలంగాణ యాసకి హీరోలు దొరికారు, గోదారి యాసకి ఎప్పట్నుంచో ఉన్నారు, సీమ మాట వినిపిస్తే మాత్రం వెనకాల సుమోలు రావాల్సిందే. అందుకే మీ లిస్టులో లేనిది ఒకటి చెప్తాను: సినిమా బండి (2021). థియేటర్‌కి రాలేదు, నేరుగా నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది కాబట్టి మెయిన్‌స్ట్రీమ్ కాదంటే మీ ఇష్టం. ఆంధ్ర, కర్ణాటక సరిహద్దు పల్లెలో ఆటోడ్రైవర్‌కి ఖరీదైన కెమెరా దొరుకుతుంది, ఊరంతా కలిసి సినిమా తీస్తారు. గంటన్నర దాటి కొద్దిసేపే. మాట తీరు మీ కన్నడ పొరుగువాళ్లకి కూడా దగ్గరగానే తోస్తుంది. లోపం చెప్పాలంటే, పెద్ద పగలబడి నవ్వుల సినిమా కాదు. నూటయాభై మంది ఒకేసారి గొల్లుమనే సీన్లు నాలుగైదుకి మించవు.

రెండో బాల్కనీ

సంక్రాంతికి వస్తున్నాం (2025) గురించి ఇంకా ఎవరూ ఎత్తలేదు, నేనే ఎత్తుతాను. కిడ్నాప్ ప్లాటు బోలుదే, ఒప్పుకుంటాను. కానీ శాస్త్రి గారూ, అక్కడ కిడ్నాప్ పనల్లా ముగ్గుర్ని ఒక బండెక్కించడం. అసలు ఇరకాటం మొగుడు, పెళ్లాం భాగ్యం, మొగుడి పాత ప్రేమికురాలు ఒకే ప్రయాణంలో ఉండటం. గ్యాంగు ఎవరో ప్రేక్షకుడు మర్చిపోయినా నష్టం లేదు, భాగ్యం పక్క సీట్లో కూర్చుందా లేదా అన్నది మర్చిపోడు. అనిల్ రావిపూడి బలం అదే.

ఇంకో కిటుకు కూడా ఉంది. అందరూ పంచ్‌లు వేస్తే కామెడీ పండదు, దెబ్బ తినేవాడు ఒకడు కావాలి. 1987 నాటి అహ నా పెళ్ళంటలో కోట శ్రీనివాసరావు ఒక్క క్షణం కూడా తను నవ్విస్తున్నానని అనుకోడు. పైసా పోతుందన్న బాధ ఆయనకి నిజం. పక్కన అరగుండు వేషంలో బ్రహ్మానందం ఏం మాట్లాడినా ఆ బాధకి తగిలే పేలుతుంది. ఇప్పటి సినిమాల్లో హీరో పంచ్ వేస్తాడు, ఫ్రెండు పంచ్ వేస్తాడు, తండ్రి, విలన్, చివరికి వాచ్‌మన్ కూడా వేస్తాడు. తినేవాడు లేడు. మధ్యలో కామెడీ ట్రాకు విడిగా అతికించే పద్ధతి పోయి హీరోలే నవ్విస్తున్నారు, మంచిదే. కానీ నవ్వించే హీరో అవమానపడటానికి ఒప్పుకోవాలి. ఇందులో మొగుడి వేషం వేసిన వెంకటేష్ ఒప్పుకుంటాడు. పెళ్లానికి భయపడే సీన్లో మొహం నిజంగా పాలిపోతుంది. ఆయన వయసు హీరోల్లో ఇంకెంతమంది ఒప్పుకుంటారో చూడండి.

లిటిల్ హార్ట్స్ (2025) కూడా ఈ లెక్కలో పాసే. రాజీవ్ కనకాల తండ్రిగా సీరియస్‌గా ఉంటాడు, కొడుకు ర్యాంకు మీద నిజమైన ఆశ పెట్టుకుంటాడు, అందుకే కొడుకు వెధవ పనులు పేలతాయి. గ్యాంగుల్లేవు, గోవా లేదు. పోయేది ఒక ఏడాది చదువు, తండ్రి దగ్గర పరువు. మీ హాల్లో ఇబ్బంది ఏమిటంటే ఎంసెట్, లాంగ్ టర్మ్ కోచింగ్ అంటే ఏమిటో కర్ణాటక ప్రవేశ పరీక్ష కేసీఈటీ మాత్రమే తెలిసిన పిల్లలకి ముందే ఒక్క ముక్క చెప్పాలి. డెబ్బై దాటినవాళ్లు మధ్యలో లేచి వెళ్లొచ్చు, అది కుర్రాళ్ల సినిమా.

ఎఫ్3 (2022) మాత్రం వద్దు. వెంకటేష్ రేచీకటి, వరుణ్ తేజ్ నత్తి. రేచీకటిలో కనీసం పొద్దుగుంకేలోపు దాచుకోవాలన్న తొందర ఉంది, దాంట్లోంచి సీను పుడుతుంది. నత్తిలో అదీ లేదు, మాట తడబడటమే జోకు. నత్తి ఉన్న పిల్లవాడు ముందు వరసలో కూర్చుంటే మీరు ఎటు చూస్తారు?

సంక్రాంతికి వస్తున్నాంలో కూడా ఒక ముల్లుంది. బుల్లిరాజు. ఓటీటీలు చూసి బూతులు నేర్చిన పిల్లాడని సినిమాలోనే చెప్తారు, పిల్లాడు దుమ్ము రేపాడు కూడా. మర్నాడు పొద్దున మీ లిఫ్టులో ఆరేళ్ల పిల్లలు అవే మాటలు అప్పజెబుతారు. గ్రూపు అడ్మిన్‌గా ఫిర్యాదులు మీకే వస్తాయి.

సౌండు సిస్టమ్ సుధాకర్

సినిమా ఏదైనా కానివ్వండి, కామెడీని చంపేది హాలు. మూడు విషయాలు చూసుకోండి.

క్లబ్‌హౌస్‌లో సాధారణంగా రెండు స్పీకర్లే ఉంటాయి. ప్లేయర్ 5.1లో, అంటే ఆరు ఛానెళ్ల సౌండులో పంపుతుంటే డైలాగ్ ఉండే సెంటర్ ఛానెల్ పోయి పాటలు మాత్రం హోరెత్తుతాయి. ముందే సెట్టింగ్స్‌లో ఆడియోని స్టీరియోకి మార్చండి. టైల్స్ నేల, గాజు తలుపులు ఉంటే మాట గుయ్‌మంటుంది. కర్టెన్లు మూసి, కింద జంబుఖానాలు పరిస్తే సగం తగ్గుతుంది. వాల్యూమ్ పెంచితే మాత్రం ఇంకా పాడవుతుంది.

సబ్‌టైటిల్ రెండు లైన్లకి మించకూడదు, ఒక్కో లైను నలభై అక్షరాల లోపు. జాతిరత్నాలు లాంటి వాటిలో ముగ్గురు ఒకేసారి మాట్లాడితే ఒకడి మాటే కింద పడుతుంది. ఇంకో జబ్బు, సెటప్పూ పంచ్‌లైనూ ఒకే సబ్‌టైటిల్‌లో వెయ్యడం. నటుడు నోరు తెరిచేలోపే కన్నడ వరస నవ్వేస్తుంది, తెలుగు వరస తర్వాత నవ్వుతుంది, రెండు నవ్వుల మధ్య వచ్చే డైలాగ్ ఎవరికీ వినపడదు. ఏ సినిమా అనుకున్నా ముందు పది నిమిషాలు సబ్‌టైటిల్స్‌తో పరీక్షించండి.

మూడోది, అనుమతి. ఓటీటీ సబ్‌స్క్రిప్షన్ ఇంట్లో చూసుకోవడానికే. టికెట్ పెట్టకపోయినా నూటయాభై మందికి వేస్తే అది బహిరంగ ప్రదర్శన కిందికి వస్తుంది. హక్కులున్నవాళ్ల దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. సినిమా ఖాయం చేసి పోస్టర్ వేశాక కాదు, ముందే.

వైట్‌ఫీల్డ్ వాసు

అందరికీ థాంక్స్. ఎఫ్3, మత్తు వదలరా 2, మ్యాడ్ స్క్వేర్ తీసేశాం. సామజవరగమన మొదటి ఛాయిస్, దానికి అనుమతి దొరక్కపోతే సినిమా బండి. శాస్త్రి గారూ, శ్రీవిష్ణు పంచ్‌లు సబ్‌టైటిల్స్‌లో అందుతాయా? అదొక్కటే అనుమానం.

సెకండాఫ్ శాస్త్రి

మూడో వంతు అందవు. ఫర్వాలేదు, నరేష్ పరీక్ష హాలు సీన్లు అందుతాయి. ఆరింటికి మొదలుపెడితే ఇంటర్వెల్‌కి ఇరవై నిమిషాలిచ్చినా తొమ్మిదికల్లా అయిపోతుంది. సమోసాలు ఇంటర్వెల్‌లోనే పంచండి. సినిమా నడుస్తుండగా ప్లేట్లు తిప్పితే వెనక వరసలకి ఒక్క డైలాగూ చేరదు.