హెక్సాన్ టైప్ 22 అంటోంది, కన్ను చూస్తే నమ్మబుద్ధి కావట్లేదు

ప్రశ్న: కండ్లకలక శాంపిల్ అడినోవైరస్ పీసీఆర్‌లో (వైరస్ డీఎన్‌ఏను పెంచి గుర్తించే పరీక్ష) పాజిటివ్. హెక్సాన్ (వైరస్ పైపొర ప్రొటీన్) జీన్‌లో బాగా మారే భాగాన్ని సాంగర్ సీక్వెన్సింగ్ చేసి (డీఎన్‌ఏ అక్షరాల వరుస చదివి) బ్లాస్ట్‌లో (తెలిసిన సీక్వెన్సులతో పోల్చే సాధనం) పెడితే టైప్ 22తో 99 శాతం కలిసింది. కానీ రోగికి నల్లగుడ్డు మీద చుక్కచుక్కలుగా మచ్చలున్నాయి. 22కి అది మామూలు లక్షణం కాదు. రిపోర్టులో 22 అని రాసేయొచ్చా? ఇంకోటి, తెల్లగుడ్డులో రక్తం చిమ్మిన మరో రెండు శాంపిళ్లు నెగటివ్ వచ్చాయి.

జవాబు 1: రాయకండి. డి జాతి అడినోవైరస్‌లు జీన్ ముక్కలు ఇచ్చిపుచ్చుకుంటాయి. టైప్ 53నే చూడండి, దాని పైపొర ప్రొటీన్లలో: పెంటాన్ 37ది, హెక్సాన్ 22ది, ఫైబర్ 8ది. హెక్సాన్ ఒక్కటే చదివితే అచ్చం 22లాగే కనబడుతుంది. టైప్ 56 ఇలాగే 15గా, టైప్ 64 ఏమో 19గా దొరుకుతాయి (64 పాత పేరే 19ఎ, అందుకే పాత డేటాబేస్ ఎంట్రీల్లో గందరగోళం). కణాన్ని పట్టుకునేది ఫైబర్ కొస. కంటి జబ్బులో దాన్ని వదిలేసి టైపింగ్ చేయడంలో అర్థం లేదు. అదే డీఎన్‌ఏతో పెంటాన్, ఫైబర్ పీసీఆర్‌లు పెట్టి మూడింటినీ విడివిడిగా పోల్చండి. పెంటాన్ 37, హెక్సాన్ 22, ఫైబర్ 8 (పీ37 హెచ్22 ఎఫ్8) వస్తే అది 53.

జవాబు 2: పై మాట నిజమే, కానీ తొందరపడొద్దు. ఒకే కంట్లో రెండు టైపులుంటే పెంటాన్ ప్రైమర్ (పీసీఆర్ మొదలుపెట్టే చిన్న డీఎన్‌ఏ ముక్క) ఒకదాన్ని, ఫైబర్ ప్రైమర్ రెండోదాన్ని ఎత్తుకుంటాయి. లేని రీకాంబినెంట్ (రెండు టైపుల జీన్ ముక్కలు కలిసిన వైరస్) పుట్టుకొస్తుంది! ముందు క్రొమాటోగ్రామ్ (సీక్వెన్సింగ్ ఇచ్చే రంగుల గ్రాఫ్) తెరిచి, ఒకే చోట రెండు రంగుల శిఖరాలు ఉన్నాయేమో చూడండి. ఉంటే మొత్తం జీనోమ్ చదవాల్సిందే, సుమారు 35,000 బేస్ జతలు. నెస్టెడ్ పీసీఆర్ (మొదటి రౌండ్ ఫలితాన్నే మళ్లీ పెంచేది) వాడితే రెండో రౌండ్‌కి కూడా ఖాళీ కంట్రోల్ (శాంపిల్ లేని గొట్టం) పెట్టాలి. మూత తీసినప్పుడే కలుషితమయ్యేది.

జవాబు 3: ఆ రెండు నెగటివ్‌ల సంగతి. రక్తం చిమ్మే కండ్లకలకకు ఎంటెరోవైరస్ 70, కాక్సాకీ ఏ24 వేరియంట్ ముఖ్య కారణాలు. రెండూ ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లు, అడినో ప్రైమర్లకు చిక్కవు. ఆర్‌ఎన్‌ఏ తీసి రివర్స్ ట్రాన్‌స్క్రిప్షన్ (ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చడం) చేయాలి. 5 ప్రైమ్ చివరి భాగం (జీనోమ్ మొదట్లో ఉండేది) వైరస్ ఉందో లేదో చెబుతుంది, టైప్ చెప్పదు. అన్నింట్లో దాదాపు ఒకేలా ఉంటుంది గనుక. టైప్ కోసం వీపీ1 (ఆ వైరస్‌ల పైపొర ప్రొటీన్ జీన్) చదవండి. స్వాబ్ కాల్షియం ఆల్జినేట్‌దైతే, లేదా ఫ్లోరెసీన్ (కంటి పరీక్షకు వేసే రంగు) చుక్క వేశాక తీసిందైతే పీసీఆరే ఆగిపోయి ఉండొచ్చు. ఇంటర్నల్ కంట్రోల్ (పీసీఆర్ పనిచేసిందని చూపే తోడు పరీక్ష) వచ్చిందా?

ప్రశ్న వేసినవారు: రెండింట్లో ఒకదానికి రాలేదు. దానికి పాలియెస్టర్ స్వాబ్‌తో, రంగు వేయకముందే మళ్లీ శాంపిల్ తీయిస్తాను.